బారల లెక్క

సెలవు మీద పేటకొచ్చిన మూడో నాడు
వలల పాకలో దండాసి చిన్నాన్న
చిరుగు కూరుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు:
"ఆ మంచు ఓడ ఏటి సేత్తాదో సరిగ్గా సెప్పరా.
మీయమ్మ సెప్పింది నాను నమ్మలేదు."

మంచుని అది ముక్కుతో పొడవదు చిన్నాన్నా.
మెడ ఎత్తి మీదికెక్కుతుంది,
ఎక్కి కూర్చుంటుంది,
ఆ బరువుకి అదే విరుగుతుంది.
ఒడ్డు కెరటం మీదికి మన పడవ లేచినట్టే,
కాకపోతే అక్కడ కెరటం కదలదు.
విరిగిన పలకలు పొట్టకి రాసుకుంటూ పోతుంటే
కింది బంకులో పడుకున్నవాడికి
రాత్రంతా ఎవరో రోట్లో రాళ్ళు రుబ్బుతున్నట్టుంటుంది.

లంగరు వెయ్యకుండా నిలబడుతుంది.
అడుగున ఎటైనా తిరిగే పంకాలు, పైన ఉపగ్రహం,
గాలి ఎంత తోసినా
నడిసంద్రంలో గుంజ పాతినట్టు.
దీనికి మాత్రం సూది ఒక్క క్షణం ఆగింది.

నడుమ కంతుంది అన్నాను.
ఓడ పొట్టలో నిలువునా, నీటిదాకా, నూతిలాగ.
చుట్టూ మంచు మూసుకుపోయినా
అందులోంచి పరికరాలు దించుతాం.
పాకంతా నవ్వింది.
నలభై పడవలు కట్టిన చెయ్యి నుదురు కొట్టుకుంది:
"సిల్లడితే తారు పూసినోళ్ళం మేం.
మీరు డబ్బిచ్చి తవ్వించుకున్నారా!"

పోలమ్మత్తకి ఫ్రీజరు సంగతి కావాలి.
సున్నాకి ఎనభై కింద, అన్నాను.
ఎండు సావడాయల తట్ట దించింది.
"అందులో ఏటెడతారు?"
బురద.
సంద్రం నీళ్ళు.
గోరంత రొయ్యలు, చీటీలు కట్టి.
"అమ్ముతారా?"
అమ్మం.
నాకేసి జాలిగా చూసి తట్ట ఎత్తుకుంది.

సరుకూ మోస్తుంది.
డీజిలు, బియ్యం, ఏడాదికి సరిపడా ఉల్లిపాయలు,
చలికాలమంతా అక్కడే ఉండిపోయే
పద్దెనిమిది మందికి ఉత్తరాలు.
నా పని విన్చి.
ఎనిమిది వేల మీటర్ల తీగ, కొసన ఇరవైనాలుగు సీసాలు.
నోళ్ళు తెరుచుకుని దిగుతాయి,
పైకొస్తూ ఒక్కో లోతులో ఒక్కోటి మూత వేసుకుంటుంది.
ఏ లోతులో ఉప్పెంతో, వేడెంతో తీగే చెబుతుంది.
నేను డైరీలో రాసుకుంటాను.
మాట తెలుగు, అక్షరం ఒడియా,
మా బడి నేర్పింది అదే మరి.
ఓడ మొత్తంలో ఇంకెవడూ చదవలేడు.

"ఎనిమిది వేలంటే ఎన్ని బారలు?"
నాలుగు వేల నాలుగొందల పైచిలుకు.
చిన్నాన్న చేతులు బార్లా చాపి
ఈ చివరా ఆ చివరా చూసుకున్నాడు.
ఇంకేం అనలేదు.

తెల్లారగట్ల నన్ను పడవెక్కించాడు.
ఎంతో దూరం పోలేదు, పేటలో కోడి కూత వినిపిస్తూనే ఉంది.
దీపస్తంభాన్ని జీడితోట కొసకి కలిపి,
ఐసు ఫ్యాక్టరీ గొట్టాన్ని మహేంద్రగిరి మీదికి తెచ్చి
ఇంజను ఆపాడు.
సీసపు గుండు అడుగు గుంటలో సబ్బు నొక్కి వదిలాడు.
బార.
రెండు.
రెండున్నర.
"మీ మామ్మ నుయ్యి," అన్నాడు.

సంద్రం మా పాత వీధి తిన్న ఏడు
నేను అరవైతొమ్మిదో దక్షిణ డిగ్రీ దగ్గర
మంచు కింద లోతు కొలుస్తున్నాను.

సబ్బుకి అంటుకుని వచ్చింది:
ఇసక, ఒక చిప్ప పెంకు, ఎర్రగా ఇటుక పొడి.
ఓడలో అయితే గొట్టంలో వేసి చీటీ కడతాను:
అక్షాంశం, రేఖాంశం, లోతు, తేదీ.
ఇక్కడ గుండుని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"నీ ఓడ ఈడికి రాదా?"
రాదు చిన్నాన్నా. దానికి అయిదు బారల నీళ్ళు కావాలి,
ఇక్కడ చాలవు.
ఇంజను తాడు చేతికి చుట్టుకుంటూ
ఒడ్డుకేసి చూశాడు.
"వత్తాదిలే," అన్నాడు.
"ఏటేటా లోతవుతోంది."